ప్లీడరమ్మ జవాబులు: ముద్దాయి అనుకున్న మనిషే జడ్జి అయ్యారు

పోయిన నెల ఈ పేజీలో ఎవరికో జవాబు రాస్తూ కెనడా జడ్జి మర్రే సింక్లెయిర్ పేరు ఎత్తాను. విన్నిపెగ్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు ఆయన పోయారనీ, అక్కడి ఆదివాసుల్లోంచి వచ్చి జడ్జి అయిన మనిషనీ నాలుగు వాక్యాలు రాసి వదిలేశాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం ఆయన గురించే. కాబట్టి ఆస్తి పంపకాలు, చెక్ బౌన్సులు, అద్దె గొడవలు వచ్చే నెలకి వాయిదా. వాయిదా అడగడం మా ప్లీడర్లకి కొత్తేమీ కాదుగా!

ప్లీడరమ్మ గారూ, మేం విన్నిపెగ్ వచ్చి రెండేళ్లయింది. సెప్టెంబర్ 30న పిల్లలకి నారింజ రంగు టీషర్టు వేసి పంపమని స్కూలు నుంచి మెయిల్ వస్తే, ఏదో కలర్ డే అనుకుని వేసి పంపాను. మా బాబు ఇంటికొచ్చి, "అమ్మా, ఆ పాప షర్టు వాళ్లెందుకు లాక్కున్నారు?" అని అడిగాడు. నాకేం చెప్పాలో తెలీలేదు. మీరు రాసిన జడ్జిగారికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?
— ఓ తల్లి, విన్నిపెగ్

ఉందమ్మా. షర్టు కథ ఫిలిస్ వెబ్‌స్టాడ్ గారిది. 1973లో ఆవిడ ఆరేళ్ల పిల్ల. బ్రిటిష్ కొలంబియాలో విలియమ్స్ లేక్ దగ్గరి మిషన్ స్కూలుకి వెళ్లే ముందు వాళ్ల అమ్మమ్మ కొత్త నారింజ షర్టు కొనిపెట్టింది. స్కూల్లో అడుగుపెట్టిన రోజే బట్టలన్నీ విప్పించి తీసేసుకున్నారు. ఆ షర్టు మళ్లీ ఇవ్వలేదు. 2013లో ఆవిడ ఈ సంగతి నలుగురిలో చెప్పాక ఆ రంగు చొక్కా వేసుకునే రోజు మొదలైంది.

అది మామూలు స్కూలు కాదు. 1880ల నుంచి 1990ల దాకా కెనడా ప్రభుత్వం డబ్బులిచ్చి, చర్చిలు నడిపిన రెసిడెన్షియల్ స్కూళ్లలో ఒకటి. బాధితులకీ ప్రభుత్వానికీ తర్వాత కుదిరిన కోర్టు సెటిల్‌మెంటు లెక్కలోకి వచ్చినవే 139. దాదాపు లక్షా యాభై వేల మంది ఆదివాసీ పిల్లలు వాటిలో పెరిగారు. జుట్టు కత్తిరించేవాళ్లు. సొంత భాష మాట్లాడితే కొట్టేవాళ్లు. 1920లో పిల్లల్ని తప్పనిసరిగా పంపించేలా చట్టం మార్చారు. వేల మంది పిల్లలు ఇంటికి తిరిగి రాలేదు.

ఈ స్కూళ్ల మీద విచారణ జరిపిన ట్రూత్ అండ్ రికన్సిలియేషన్ కమిషన్‌కి సింక్లెయిర్ గారు అధ్యక్షులు. ఆ కమిషన్ 2015లో 94 సిఫార్సులు చేసింది. ఏడాదిలో ఒక రోజును దీని జ్ఞాపకంగా జాతీయ సెలవు దినం చేయాలన్నది అందులో 80వది. 2021 నుంచి సెప్టెంబర్ 30 అలా అయింది. మీ బాబు షర్టుకీ జడ్జిగారికీ ఉన్న సంబంధం అదీ.

బాబుకి ఏం చెప్పాలంటారా? వాడు సరైన ప్రశ్నే అడిగాడు. "వాళ్ల అమ్మమ్మ కొన్నది కాబట్టే లాక్కున్నారు నాన్నా, అమ్మమ్మను మర్చిపోవాలని" అని చెప్పండి. ఆరేడేళ్ల పిల్లాడికి ఆ మాత్రం అర్థమవుతుంది. మిగతాది పెద్దయ్యాక వాడే చదువుకుంటాడు.

మేడమ్, కెనడాలో మొట్టమొదటి ఆదివాసీ జడ్జి సింక్లెయిరేనా? మా కోచింగ్ సెంటర్లో దీని మీద పెద్ద వాదన జరిగింది.
— ఒక అభ్యర్థి, అశోక్‌నగర్, హైదరాబాద్

కాదు. మానిటోబా రాష్ట్రంలో మొదటివారు, దేశం మొత్తం మీద రెండోవారు. మొదటివారు బ్రిటిష్ కొలంబియాలో ఆల్‌ఫ్రెడ్ స్కో, 1971లో. సింక్లెయిర్ 1988 మార్చిలో మానిటోబా ప్రొవిన్షియల్ కోర్టుకి అసోసియేట్ చీఫ్ జడ్జి అయ్యారు. 2001లో క్వీన్స్ బెంచ్ కోర్టుకి వెళ్లారు. మన పోలికలో చెప్పాలంటే కింది కోర్టు నుంచి పై కోర్టుకి. సుప్రీంకోర్టులో మొదటి ఆదివాసీ జడ్జి మిషెల్ ఒబాన్సవిన్, అది 2022లో. అంటే స్కో గారి తర్వాత 51 ఏళ్లకి. వాదనలో గెలవడానికి ఇది చాలనుకుంటా.

అమ్మా, మా కాలంలో పుస్తకాల్లో 'రెడ్ ఇండియన్లు' అని చదువుకున్నాం. మొన్న మా మనవరాలు అలా అనకూడదు తాతా అని కసిరింది. మరేమనాలి?
— ఒక తాతగారు, తణుకు

మనవరాలి మాట వినండి. అక్కడ మూడు వేర్వేరు జనాలకి మూడు మాటలు వాడతారు: ఫస్ట్ నేషన్స్, ఇన్యూయిట్, మేటీ. సింక్లెయిర్ గారిది అనిషినాబే జాతి. ఓజిబ్వే అని కూడా అంటారు. తెలుగులో ఆదివాసులు అంటే సరిపోతుంది. తమాషా ఏంటంటే కెనడాలో వీళ్లకి సంబంధించిన చట్టం పేరు ఇప్పటికీ 'ఇండియన్ యాక్ట్'. 1876 నాటిది. మా అమ్మాయి వాళ్ల పక్కింటాయన ఆదివాసీ. నేను ఇండియన్‌నని చెబితే, "నేనూ అంతే, కాగితాల ప్రకారం" అని నవ్వాడు.

మేడమ్, మాది అల్లూరి సీతారామరాజు జిల్లాలో కొండ మీది గూడెం. మా గూడెం నుంచి లా చదివింది నేనొక్కడినే. ఎన్‌రోల్ అయి పద్నాలుగు నెలలైంది. నల్ల కోటు వేసుకుని ముందు వరస కుర్చీలో కూర్చున్నా, బంట్రోతు వచ్చి "పార్టీలు వెనక కూర్చోవాలి" అంటాడు. పోయిన వారం సీనియర్ ఫైలిచ్చి పంపితే బెంచి క్లర్కు నన్నే ముద్దాయి అనుకుని బోను వైపు చెయ్యి చూపించాడు. అందరూ నవ్వారు. కోటు మడిచి బ్యాగులో పెట్టుకుని బస్సెక్కేశాను. గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుదామా అనిపిస్తోంది. మీరు రాసిన జడ్జిగారికి ఇలాంటివి జరిగి ఉంటాయా?
— ఒక జూనియర్

బాబూ, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అచ్చంగా ఇదే జరిగింది ఆయనకి.

మొదటి నుంచి చెబుతాను, కొంచెం ఓపిక పట్టు. ఆయన 1951 జనవరిలో పుట్టారు. విన్నిపెగ్‌కి ఉత్తరంగా సెల్కిర్క్ అనే చిన్న ఊరు, దాని పక్కనే సెయింట్ పీటర్స్ అనే ఆదివాసీ రిజర్వు, అంటే వాళ్లకని కేటాయించిన భూమి, ఉండేది. 'ఉండేది' అని ఎందుకంటున్నానంటే, 1907లో ఆ భూమిని వాళ్లే వదులుకున్నట్టు కాగితాలు పుట్టించి జనాన్ని ఉత్తరాన చాలా దూరం పంపేశారు. ఆ అప్పగింత చెల్లదని చాలా ఏళ్ల తర్వాత తేలింది. ఏజెన్సీలో భూమి కేసులు చూసినవాడివి, కాగితాలు ఎలా పుడతాయో నీకు నేను చెప్పాలా?

ఏడాది పిల్లాడప్పుడే తల్లి పోయింది. నాయనమ్మ, తాత పెంచారు. నాయనమ్మకి మనవడు చర్చి ఫాదర్ కావాలని ఆశ. ఈయన 1968లో హైస్కూల్లో చదువులోనూ ఆటల్లోనూ ఫస్టు. యూనివర్సిటీలో చేరి, నాయనమ్మకి బాగోలేకపోతే చదువు ఆపి ఇంటికొచ్చేశారు. తర్వాత మానిటోబా అటార్నీ జనరల్ హోవర్డ్ పాలీ దగ్గర సహాయకుడిగా పనిచేశారు. ఆ ఆఫీసులో కూర్చున్నాక లా మీద గురి కుదిరింది. 1979లో లా పూర్తయింది, 1980లో బార్‌లో చేరారు.

ఆ 1951 అన్న అంకె దగ్గర ఒక్క క్షణం ఆగు. 1927 నుంచి 1951 దాకా కెనడాలో ఒక చట్టం ఉండేది. ప్రభుత్వం అనుమతి లేకుండా ఆదివాసుల భూమి హక్కుల కేసు కోసం చందాలు వసూలు చేసి లాయర్‌ని పెట్టుకోవడం నేరం. లాయర్‌ని పెట్టుకోవడమే నేరం! అంతకుముందు 1876 చట్టంలో ఇంకో ముచ్చట: ఆదివాసీ డిగ్రీ చదివినా, లాయరైనా, డాక్టరైనా వాడింక 'ఇండియన్' కాదు, హోదా పోతుంది. తర్వాత సడలించారనుకో. చదువుకున్నవాడు తన జనానికి చెందకుండా పోవాలన్నది లెక్క. ఈయన పుట్టిన ఏడాదే లాయర్ల మీద నిషేధం పోయింది. ముప్పై ఏళ్లు తిరక్కుండా ఆయనే లాయరై ఆ కోర్టుల్లో నిలబడ్డారు.

నిలబడితే ఏమైంది? సూటు వేసుకుని వెళ్లినా ముద్దాయి అనుకున్నారు. ఒకసారి కాదు. అక్కడ బోనులో ఆదివాసులు కనబడడం వాళ్లకి ఎంత అలవాటంటే, ఆ మొహం లాయర్ల బల్ల దగ్గర ఉండగలదని తట్టదు. ఆయనకీ నీలాగే విసుగొచ్చింది. ఆ విసుగు అవమానం వల్ల ఒక్కటే కాదు. తన జనాన్ని జైలుకి పంపే యంత్రంలో తనూ ఒక మర అయిపోతున్నానేమో అని. మానేద్దామనుకున్నారు. మానేసే ముందు ఆంగస్ మెరిక్ అనే పెద్దాయన దగ్గరికి వెళ్లారు, అనిషినాబే సంప్రదాయం తెలిసిన మనిషి. ముందు నువ్వెవరివో తెలుసుకో, తర్వాత లాయరు సంగతి చూద్దాం అన్నది ఆ పెద్దాయన మాటల సారం. అప్పటినుంచి సింక్లెయిర్ తన వాళ్ల ఆచారాలు, కథలు, వేడుకలు కూర్చుని నేర్చుకోవడం మొదలుపెట్టారు. ఎక్కడికెళ్లినా నాలుగు ప్రశ్నలు చెప్పేవారు: నేనెక్కడి నుంచి వచ్చాను, ఎక్కడికి వెళ్తున్నాను, ఇక్కడెందుకున్నాను, నేనెవరిని. వినడానికి వేదాంతంలా ఉంటాయి. ఉద్యోగం మానాలా వద్దా అన్నప్పుడు అడిగి చూడు, మహా పనికొచ్చే ప్రశ్నలు.

నా సంగతీ చెబుతాను. నేను ప్రాక్టీసు పెట్టిన కొత్తల్లో ఓ కోర్టులో నన్ను టైపిస్టు అనుకుని మూడు కాగితాలు చేతిలో పెట్టి, "తొందరగా కొట్టమ్మా, అయ్యగారు లేస్తారు" అన్నారు. నేను కొట్టిపెట్టాను కూడా! ఎందుకు కొట్టానో ఇప్పటికీ తెలీదు. తర్వాత వారం రోజులు ఒళ్లు మండింది.

గ్రూప్స్ రాయడం తప్పేం కాదు. ఎల్‌టీఆర్ కేసులు, అదే ఏజెన్సీ భూముల బదలాయింపు కేసులు, విచారించే కుర్చీలో నీలాంటివాడు కూర్చుంటే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు. కానీ ఆ బెంచి క్లర్కు నవ్వాడని మాత్రం రాయకు. రేపు ఉదయం అదే కుర్చీలో కూర్చో. బంట్రోతు వస్తే, "నా పేరు ఫలానా, ఫలానా కేసులో వకాల్తా నాదే, నంబరు ఇదీ" అని జడ్జిగారికి వినబడేలా చెప్పు. రెండుసార్లు చెబితే చాలు, మూడోసారి వాడే కుర్చీ చూపిస్తాడు. ఇంకో మాట, మీ సీనియర్ ఆ నవ్విన అందరిలో ఉన్నాడా? ఉంటే సీనియర్ని మార్చు.

మేడమ్, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. మన దేశంలో ఎన్ని కమిషన్లు చూడలేదు! రిపోర్టు వస్తుంది, బీరువాలోకి పోతుంది. ఒక్కడికి కూడా శిక్ష వేయలేని కమిషన్‌కి అధ్యక్షత వహించడం కోసం హైకోర్టు స్థాయి జడ్జి తన పని వదులుకోవడం గొప్పా? అది కన్నీళ్లు తుడిచే కార్యక్రమమే కదా?
— రిటైర్డ్ హెడ్‌మాస్టర్, హనుమకొండ

మాస్టారూ, మీరు వేసింది నేనూ వేసుకున్న ప్రశ్నే. దీనికి చిన్న జవాబు నా దగ్గర లేదు.

ఆయన ఒక కమిషన్ కాదు, మూడు పెద్ద విచారణలు నడిపారు. జడ్జి కుర్చీ ఇంకా వేడెక్కకముందే, 1988లోనే మొదటిది నెత్తిన పడింది. రెండు చావులు దానికి కారణం. హెలెన్ బెట్టీ ఆస్బోర్న్ అనే పందొమ్మిదేళ్ల అమ్మాయి, క్రీ అనే ఆదివాసీ జాతి పిల్ల, టీచర్ కావాలని చదువుకోవడానికి ద పా అనే ఊరికి వచ్చింది. 1971 నవంబర్‌లో నలుగురు తెల్లవాళ్లు కారులోకి లాక్కెళ్లారు, తర్వాత ఆమెను చంపేశారు. ఎవరు చేశారో ఊళ్లో చాలామందికి తెలుసు. ఎవరూ నోరు విప్పలేదు. 16 ఏళ్లకి కేసు కోర్టుకి వస్తే శిక్ష పడింది ఒక్కడికి. రెండోది 1988 మార్చిలో జె.జె. హార్పర్ అనే ఆదివాసీ నాయకుడు విన్నిపెగ్ వీధిలో పోలీసు తుపాకీకి బలయ్యాడు. పోలీసు శాఖ ఒక్క రోజు తిరిగేసరికి తమవాడి తప్పేం లేదని తేల్చేసుకుంది.

ఆల్విన్ హామిల్టన్ అనే సీనియర్ జడ్జి, సింక్లెయిర్ ఇద్దరూ కలిసి ఈ విచారణ చేశారు. జనాన్ని విన్నిపెగ్‌కి రమ్మని సమన్లు పంపి కూర్చోలేదు. ఆదివాసీ ఊళ్లకే వెళ్లారు, జైళ్లలోకి వెళ్లి ఖైదీలతో మాట్లాడారు. 1991లో వచ్చిన రిపోర్టులో ఒక లెక్క ఉంది: మానిటోబా జనాభాలో ఆదివాసులు 12 శాతం, ఏ రోజు చూసినా జైళ్లలో ఉన్న 1,600 మందిలో సగానికి పైగా వాళ్లే.

ఆ రిపోర్టులో నన్ను పట్టుకున్నది మాత్రం ఒక చిన్న భాషా విషయం. క్రీ, ఓజిబ్వే భాషల్లో 'దోషి' అన్న మాటకి సరైన మాట లేదట. "నేరం ఒప్పుకుంటున్నావా?" అని కోర్టు అడిగితే దుబాసీ దాన్ని "నిన్ను నిందిస్తున్నారా?" అన్నట్టు చెబుతాడు. మనిషి ఏమంటాడు? "అవును" అంటాడు. నిజమే కదా, నిందిస్తున్నారు! కోర్టు రాసుకుంటుంది: నేరం ఒప్పుకున్నాడు.

ఇది చదివినప్పుడు నాకు ఓ పాత కేసు కళ్ల ముందుకొచ్చింది. గోదావరి అవతలి గూడెం నుంచి వచ్చిన ముసలాయన మీద కొట్లాట కేసు. కొట్టావా అని అడిగితే "కొట్టుకున్నాం అయ్యా" అన్నాడు. 'కొట్టాను' వేరు, 'కొట్టుకున్నాం' వేరు. కాగితం మీద మాత్రం మొదటిదే పడింది. నేను లేచి అభ్యంతరం చెప్పేసరికి తర్వాతి కేసు పిలిచేశారు. ముసలాయన ఫైన్ కట్టి, నాకు దండం పెట్టి వెళ్లిపోయాడు. ఆ దండం ఇప్పటికీ మింగుడు పడదు.

రెండో విచారణకి ఆదివాసులతో సంబంధమే లేదు, అందుకే చాలామంది మర్చిపోతారు. 1994లో విన్నిపెగ్‌లో గుండె ఆపరేషన్లు చేసిన పిల్లల్లో 12 మంది చనిపోయారు. ఆ మరణ విచారణ సింక్లెయిర్‌కి వచ్చింది. మరణ విచారణ అంటే ఎవరికీ శిక్ష వేయడం కాదు, ఎందుకు పోయారో తేల్చడం. ఏళ్ల తరబడి సాగి, 2000లో నివేదిక వచ్చింది. అందులో కొట్టొచ్చినట్టు కనబడేది నర్సుల సంగతి. ఆపరేషన్లలో ఏదో తేడా జరుగుతోందని నర్సులు ముందు నుంచీ చెబుతూనే ఉన్నారు. నర్సులు కాబట్టి ఎవరూ చెవిన పెట్టలేదు. ఆ తల్లిదండ్రుల మాటలు అన్నేళ్లు విన్నాక ఆయన బాగా అలిసిపోయారు. స్కూళ్ల కమిషన్‌కి రమ్మని మొదట అడిగినప్పుడు కాదనడానికి ఆ అలసట కూడా కారణం.

ఇప్పుడు మూడోది, మీరు అడిగినది. ఒక పొరపాటు సరిదిద్దాలి మాస్టారూ. ఆ కమిషన్ ప్రభుత్వం దయతో వేసినది కాదు. ఆ స్కూళ్లలో చదివి బతికి బయటపడ్డవాళ్లు కోర్టులో దావా వేసి, పోరాడి, 2006లో చేసుకున్న సెటిల్‌మెంటులో ఒక షరతు అది. డబ్బు ఒక్కటే వద్దు, మా మాట వినాలి, రాసిపెట్టాలి అని వాళ్లే పట్టుబట్టారు. 2008లో మొదలైన కమిషన్ కొన్ని నెలలకే కుప్పకూలింది. అధ్యక్షుడు రాజీనామా చేశారు, మిగతా ఇద్దరూ తప్పుకున్నారు. అప్పుడు 2009లో సింక్లెయిర్‌ని మళ్లీ అడిగితే ఈసారి ఒప్పుకున్నారు. తోడుగా మేరీ విల్సన్, చీఫ్ విల్టన్ లిటిల్‌చైల్డ్.

అధికారాలు? మీరన్నట్టే, బహు తక్కువ. సమన్లు పంపే వీల్లేదు. ఎవరినీ దోషి అనకూడదు. కోర్టులో రుజువు కాని వాళ్ల పేర్లు కూడా ఎత్తకూడదు. ఇరవై ఏళ్లు జడ్జిగా ఉన్న మనిషి చేతిలోంచి సుత్తి తీసేసి కూర్చోబెట్టారన్నమాట.

అయితే మా వృత్తిలో ఒక సంగతి ఉంది. కోర్టులో సాక్షికి మాట్లాడే స్వేచ్ఛ ఉండదు. "అడిగినదానికే జవాబు చెప్పు" అంటాం. క్రాస్ ఎగ్జామినేషన్‌లో తారీఖు తప్పు చెబితే మనిషి మొత్తం అబద్ధమని వాదిస్తాం. అరవై ఏళ్ల కిందట ఆరేళ్ల పిల్లని చీకటి గదిలో పెడితే ఆ పిల్ల తారీఖు ఎక్కడ చెబుతుంది? నేనైతే పది నిమిషాల్లో ఆ సాక్షిని తేల్చేసి భోజనానికి వెళ్లగలను. గొప్పకి చెప్పడం లేదు. ఈ కమిషన్‌లో క్రాస్ లేదు. ఆరేళ్లలో 6,500 మందికి పైగా చెప్పుకున్నారు. వాళ్లలో పెళ్లాం బిడ్డలకి కూడా ఎన్నడూ చెప్పనివాళ్లు ఎందరో. విన్నిపెగ్, ఇనూవిక్, హాలిఫాక్స్, సస్కటూన్, మాంట్రియల్, వాంకూవర్, ఎడ్మంటన్ ఏడు చోట్ల పెద్ద సభలు జరిగాయి. కన్నీళ్లు తుడిచే కార్యక్రమం అన్నారు మీరు. నిజంగానే అక్కడ కళ్లు తుడుచుకున్న టిష్యూ కాగితాలు పారేయలేదు. బుట్టల్లోకి ఎత్తి, పవిత్రమైన నిప్పులో వేసి కాల్చేవాళ్లు.

ఫలితం ఏమిటంటారు. పోయిన పిల్లల లెక్క ప్రభుత్వం దగ్గర లేదు. దాని మీద పరిశోధన చేస్తాం, 15 లక్షల డాలర్లు ఇవ్వండి అని 2009లో కమిషన్ అడిగితే ఇవ్వలేదు. ఉన్న డబ్బుతోనే వెతికి, 3,200 మరణాల దాకా నమోదు చేశారు. అసలు సంఖ్య 6,000 పైనే ఉంటుందని సింక్లెయిర్ అనేవారు. 2021లో కామ్‌లూప్స్ పాత స్కూలు దగ్గర రాడార్‌లో సమాధులు కావచ్చన్న ఆనవాళ్లు కనబడ్డాయని అక్కడి ఆదివాసులు ప్రకటించినప్పుడు దేశమంతా ఉలిక్కిపడింది. కమిషన్ 2015లోనే ఈ సంగతి మీద నివేదికలో ఒక సంపుటమే పెట్టింది. చదివితే కదా!

నివేదిక ఆ స్కూళ్లని 'సాంస్కృతిక జాతి హననం' అంది. అంత పెద్ద మాటా అని కొందరు, ముందు ఆ 'సాంస్కృతిక' ఎందుకు తగిలించారు, పిల్లలు చచ్చిపోలేదా అని కొందరు. నాకు రెండోవాళ్ల వైపే మొగ్గు. జడ్జిగారు ఆ మాట దగ్గర ఆగడం కమిషన్‌కి ఉన్న హద్దుల వల్లే అనుకుంటాను.

94 సిఫార్సుల్లో పూర్తిగా అమలైనవి కొన్నే. బీరువా సంగతి మీరు తప్పు చెప్పలేదు. కానీ ఆ 6,500 మంది మాటలు మానిటోబా యూనివర్సిటీలోని జాతీయ కేంద్రంలో భద్రంగా ఉన్నాయి. రేపెవడైనా "అలాంటిదేం జరగలేదు" అంటే తీసి వినిపించొచ్చు. అలా అనేవాళ్లు అప్పుడే బయలుదేరారు కూడా. శిక్ష పడిన మనిషి పదేళ్లకి బయటికొస్తాడు మాస్టారూ, రికార్డు అలా కాదు. కోర్టు గదిలో ముప్పై రెండేళ్లు గడిపిన నేను ఈ విషయంలో ఇక్కడిదాకా వచ్చాను. మీరు ఒప్పుకోకపోతే మళ్లీ రాయండి.

మేడమ్, నేను ఉట్నూరు ప్రాంతంలో ఆశ్రమ పాఠశాల టీచర్‌ని. కెనడా స్కూళ్ల గురించి చదివి, మన ఆశ్రమ పాఠశాలలూ అలాంటివేనని మా మిత్రుడు వాదిస్తున్నాడు. నాకు బాధేసింది. నేనలాంటి పని చేస్తున్నానా?
— ఒక ఉపాధ్యాయుడు

రెండూ ఒకటి కాదు. అక్కడ పిల్లల్ని బలవంతాన లాక్కెళ్లారు. వాళ్ల భాష, మతం, ఇంటి బంధం తెంచడమే పెట్టుకున్న పని. మన దగ్గర తల్లిదండ్రులే తీసుకొచ్చి చేర్పిస్తారు, దసరాకి సంక్రాంతికి తీసుకెళ్తారు. మీ మిత్రుడికి ఆ తేడా చెప్పండి.

కానీ మీరు బాధపడ్డారంటే ఎక్కడో తగిలిందన్నమాట. సింక్లెయిర్ గారు రెసిడెన్షియల్ స్కూల్లో చదవలేదు. మామూలు బడుల్లోనే చదివారు. ఆ మామూలు బడిలో కూడా తన జాతి గురించి ఒక్క మంచి మాట వినలేదని, తెల్లవాళ్లే గొప్ప అన్న భావంతోనే పెరిగామని ఆయన చెప్పేవారు. అంటే కొట్టకుండా కూడా ఆ పని చేయొచ్చు. చదువే మమ్మల్ని ఈ తిప్పల్లోకి తెచ్చింది, చదువే బయటికి తేవాలి అన్నది ఆయన తరచూ అనే మాట.

2004లో మన ఉమ్మడి రాష్ట్రంలో గోండి, కోయ, కొలామి, సవర లాంటి ఎనిమిది భాషల్లో చిన్న తరగతులు మొదలుపెట్టారు. ఆ వాచకాలు మీ బడి బీరువాలో ఉన్నాయేమో చూడండి. ఒకటో తరగతి పిల్ల గోండిలో అడిగితే మీరు గోండిలో జవాబు చెప్పగలరా? చెప్పలేకపోతే ఆ పిల్లనే నేర్పమనండి. ఎగిరి గంతేస్తుంది.

అక్కా, నేను బ్రాంప్టన్‌లో ఉంటున్నాను. వచ్చే నెల నా సిటిజన్‌షిప్ ప్రమాణం. ఆ ప్రమాణంలో ఆదివాసుల ఒప్పందాల మాట ఉంది. మనం వలస వచ్చినవాళ్లం, మనకీ దానికీ ఏంటి సంబంధం?
— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

అభినందనలు తమ్ముడూ. ఆ మాట కూడా ఆ 94లోదే, ఆఖరిది. 2021 జూన్‌లో చట్టం మార్చి ప్రమాణంలో చేర్చారు. ఫస్ట్ నేషన్స్, ఇన్యూయిట్, మేటీ ప్రజల హక్కుల్ని, ఒప్పంద హక్కుల్ని గుర్తించే రాజ్యాంగంతో సహా కెనడా చట్టాల్ని పాటిస్తాను అని నువ్వు పలుకుతావు. దాని ముందుది, 93వది, కొత్తగా వచ్చేవాళ్లకిచ్చే పుస్తకంలో, పరీక్షలో ఈ చరిత్ర ఉండాలన్నది.

సంబంధం ఏంటంటే, నువ్వు కొన్న ఇంటి కింద నేల. ఆ నేలకి ఒక దస్తావేజు ఉంది. లింకు డాక్యుమెంట్లు చూడకుండా ఇల్లు కొనవు కదా, అక్కడ మొదటి లింకు, భూమి మీద ఆదివాసులకీ ప్రభుత్వానికీ కుదిరిన ఆ ఒప్పందమే. బ్రాంప్టన్ ఏ ఒప్పందం కిందికి వస్తుందో ప్రమాణం చేసేలోపు వెతికి తెలుసుకో. మా అమ్మాయి విన్నిపెగ్‌ది తెలుసుకుంది: ఒకటో నంబర్ ఒప్పందం, 1871.

ప్లీడరమ్మా, జడ్జి పదవి అయ్యాక ఆయన రాజకీయాల్లోకి వెళ్లారా? ఆయన పోయినప్పుడు మీరక్కడే ఉన్నారని రాశారు. ఏం చూశారో రాయలేదు.
— ఒక గృహిణి, మచిలీపట్నం

2016లో సెనేటర్‌గా నియమించారు. పార్టీ మనిషిగా కాదు, స్వతంత్రుల్లో ఒకరిగా. ఆదివాసుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ప్రకటనని కెనడా చట్టంలోకి తేవాలన్న బిల్లుని సెనేట్‌లో ఆయనే భుజాన వేసుకున్నారు. సాగదీసి సాగదీసి 2019లో దాన్ని చావనిచ్చారు. ఆయన దిగిపోయాక 2021లో ఇంకో బిల్లు రూపంలో పాసైంది. మధ్యలో థండర్ బే అనే ఊళ్లో పోలీసు బోర్డు మీద విచారణ కూడా చేశారు. సెనేట్ నుంచి వచ్చాక క్వీన్స్ యూనివర్సిటీకి ఛాన్సలర్. ఊరికే కూర్చునే మనిషి కాదు. 2024 జూన్‌లో భార్య పోయారు. నవంబర్ 4న ఆయన. 73 ఏళ్లు.

మానిటోబా అసెంబ్లీ భవనం ముందు ఆయన కోసం నిప్పు రాజేసి, ఆరకుండా చూశారు. మా అమ్మాయి నన్ను సాయంత్రం అక్కడికి తీసుకెళ్లింది. ఐదున్నరకే చీకటి పడిపోయింది. రెండు స్వెట్టర్లు, మీద కోటు, తలకి మఫ్లరు, నేనో మూటలా ఉన్నాను. నిప్పు చుట్టూ జనం మెల్లగా తిరుగుతున్నారు. ఎవరూ గట్టిగా ఏడవడం లేదు, ఉపన్యాసాలు లేవు. నిప్పు కనిపెట్టుకుని ఉన్న కుర్రాడు నా దగ్గరికొచ్చి గ్లౌజు తీయమని సైగ చేశాడు. తీశాను. అరచేతిలో చిటికెడు పొగాకు పెట్టాడు. నిప్పులో వేసి, మనసులో ఏమనుకోవాలో అనుకోమన్నాడు.

పొగాకు వాసన నాకు కొత్త కాదు. మా నాన్నగారు చుట్ట తాగేవారు, మా లంక పొలాల్లో పొగాకు పండేది. విన్నిపెగ్ చలిలో ఆ వాసన తగిలేసరికి ఆ కుర్రాడితో మాట పెగల్లేదు. గోదావరి అవతలి ముసలాయన గుర్తొచ్చాడు. ఎడమ చేత్తోనా కుడి చేత్తోనా అని అమ్మాయిని అడిగి, వేసి వచ్చాను.

(వచ్చే నెల: వీలునామా రిజిస్టర్ చేయించాలా, అక్కర్లేదా? తొమ్మిది ఉత్తరాలున్నాయి.)